రూపాయి విసిరే బాబు, బాటిల్ ఇచ్చేసిన పాప

ప్రశ్న: మాది రావులపాలెం దగ్గర పల్లెటూరు. బాబుకి ఎనిమిదేళ్ళు, పాపకి ఐదు. మా అత్తగారి మొక్కు కోసం ఏడు శనివారాలు వాడపల్లి వెంకన్న గుడికి వెళ్తున్నాం. మూడు వారాలయ్యాయి, ఇంకా నాలుగున్నాయి. గుడి బయట కూర్చున్నవాళ్ళకి వేయమని మా మామగారు పిల్లల చేతికి రూపాయి బిళ్ళలు ఇస్తారు. బాబు దగ్గరికి వెళ్ళడు. దూరం నుంచే పళ్ళెంలోకి విసురుతాడు. ‘కంపు కొడుతున్నారు, పని చేసుకోవచ్చు కదా’ అంటాడు. పాప సంగతి వేరు. మొన్న రాజమండ్రి పుష్కర ఘాట్ దగ్గర ఒక ముసలాయన నీళ్ళు అడిగితే తన కొత్త వాటర్ బాటిల్ ఇచ్చేసింది. నాలుగొందలు పెట్టి కొన్నది. నేను అది వెనక్కి తీసుకుని ఆయన చేతిలో పది రూపాయలు పెట్టాను. అప్పట్నుంచీ ‘ఇచ్చేసింది మళ్ళీ తీసుకుంటే పాపం కదమ్మా’ అని రోజూ అడుగుతోంది. అడుక్కునేవాళ్ళ వెనక ముఠాలుంటాయి, ఇచ్చిన డబ్బు మందుకే పోతుంది, పిల్లల్ని ఇందులోకి లాగొద్దు అని మావారు అంటారు. వచ్చే నెల పాప పుట్టినరోజుకి యాభై భోజనం పొట్లాలు పంచి, ఫొటోలు తీసి గ్రూపుల్లో పెడదామని మా ఆడపడుచు అంటోంది. పిల్లలకి ఇచ్చే గుణం అబ్బాలని నాకుంది. ఎలా నేర్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఒక అమ్మ, కోనసీమ జిల్లా

జవాబు:

అమ్మా,

ముందు బాటిల్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే దానికోసం ఒక మనిషి రోజూ మీ చుట్టూ తిరుగుతోంది. పాపం, పుణ్యం లెక్కల్లోకి వెళ్ళకుండా జరిగింది జరిగినట్టు చెప్పండి. ‘ఆ తాతకి దాహంగా ఉందని నువ్వు సరిగ్గానే కనిపెట్టావు. బాటిల్ పోతుందన్న కంగారులో నేను లాక్కున్నాను. ముందు ఆయన చేత నీళ్ళు తాగించాల్సింది, లేదా పక్క కొట్లో ఒక నీళ్ళ సీసా కొనివ్వాల్సింది. నాకప్పుడు తోచలేదు.’ ఇంత చెబితే చాలు. అమ్మ అలా ఒప్పుకున్నంత మాత్రాన ఐదేళ్ళ పిల్లకి లోకువైపోదు.

ఇంకో మాట మీకు మాత్రమే. ఆయన అడిగింది నీళ్ళు. మీరిచ్చింది పది రూపాయలు. ఆ నోటు పట్టుకుని ఆయన కొట్టుదాకా నడవగలడా, కొట్టువాడు ఆయన్ని గుమ్మం ఎక్కనిస్తాడా, మనకి తెలియదు. పాప మాత్రం అడిగింది అడిగినట్టు ఇచ్చింది. మీ ఇంట్లో ఈ విద్య ముందే వచ్చినది ఆ పిల్లకే.

అలాగని ఖరీదైన వస్తువులన్నీ ఘాటు మీద పంచుకుంటూ రమ్మని కాదు. ఏది తన ఇష్టానికి ఇచ్చేయొచ్చు, ఏది ఇచ్చేముందు అమ్మని అడగాలి అనేది ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. ఇంట్లో ఒక చిన్న సంచి పెట్టండి. అందులో పెట్టినవి పాపవి. బయటికి వెళ్ళేటప్పుడు వెంట తీసుకెళ్తుంది, ఎవరికిచ్చినా మీరు అడ్డు చెప్పరు. స్కూలు బ్యాగు, బాటిల్, చెప్పులు, చెవి పోగులు మాత్రం అడిగాకే. (చెవి పోగుల మాట నవ్వులాటకి అనడం లేదు. ఐదేళ్ళ వాళ్ళు ఇవ్వాలనుకుంటే దేనికీ వెనకాడరు.) ఈ ఒప్పందం ముందే ఉంటే, నడిరోడ్డు మీద లాక్కోవాల్సిన అవసరం మీకు రాదు.

ఇక అసలు విషయం. పిల్లలకి ఇవ్వడం నేర్పాలని అందరం అనుకుంటాం. అంతకంటే ముందు నేర్పాల్సింది అడగడం. ‘ఏం కావాలండీ?’, ‘తిన్నారా?’, ‘ఇది తింటారా, అది తింటారా?’ ఇలా అడగడం రాకపోతే పిల్లాడికి అవతల మనిషి కనిపించడు, పళ్ళెమే కనిపిస్తుంది. కనిపించే పళ్ళెంలోకి ఎవరైనా ఏం చేస్తారు, విసురుతారు. మీ బాబు విసురుడులో నాకు చెడ్డతనమేమీ కనిపించలేదు. ఆ తతంగంలో వాడి పాత్ర అంతే మరి. బిళ్ళ తాతగారిది, మొక్కు నానమ్మది, వరసలో నిలబడే చిరాకు మాత్రం వాడిది.

మన గోదావరి జిల్లాల మర్యాద గురించి మనమే గొప్పగా చెప్పుకుంటాం. ఆటో అతన్నీ అండీ అంటాం, కూరగాయల బండి అతన్నీ అండీ అంటాం. సంక్రాంతికి కొత్తల్లుడికి వందల రకాలు వడ్డించి టీవీలవాళ్ళని పిలిచి మరీ చూపించుకుంటాం. అదే గుడి ముందుకొచ్చేసరికి ‘ఏయ్, జరుగు’ అని నోరు తిరుగుతుంది. పిల్లలు ఇదంతా వింటూనే ఉంటారు. కాబట్టి వచ్చే శనివారం మీరు చేయాల్సిన మొదటి పని డబ్బుతో కూడింది కాదు. వాళ్ళతో మాట్లాడేటప్పుడు పిల్లల ముందు మీరు, మీ మామగారు ‘అమ్మా, మావయ్యగారూ, అండీ’ అని పిలవండి. కూర్చున్నవాళ్ళ ఎత్తుకి వంగి మాట్లాడండి. రెండు వారాల్లో బాబు తనంతట తనే వంగుతాడు.

మామగారిని కాదనమని నేను చెప్పను. మనవలతో ఇప్పించాలన్న ఆయన ఆలోచన మంచిదే, కొత్తదీ కాదు. సంక్రాంతి నెలలో హరిదాసు వీధిలోకి వస్తే మన ఇళ్ళలో జరిగేది గుర్తు తెచ్చుకోండి. పిల్ల లోపలికి పరుగెత్తి బియ్యం తెస్తుంది. ఎన్ని తేవాలో దాని ఇష్టం, సగం దారిలోనే ఒలికిపోతాయి. తలమీద అక్షయపాత్ర దించకుండా దాసు పిల్ల అందుకునేలా మోకాళ్ళ మీద వంగుతాడు. పోయించుకుని దీవించి వెళ్తాడు. హరిదాసు బిచ్చగాడు కాదు, అది ఆయన వృత్తి, ఆయన భక్తి. ఇద్దరినీ ఒక గాటన కట్టడం లేదు. కానీ పిల్లకి అక్కడ ఏం దొరుకుతోందో చూడండి. తెచ్చింది తను, కొలిచింది తను, దగ్గరికి వెళ్ళింది తను, ఎదుటి మనిషి తన మొహంలోకి చూశాడు. రూపాయి బిళ్ళలో ఇవేమీ లేవు.

దీని మీద ఒక పరిశోధన కూడా ఉంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ళు 2012లో రెండేళ్ళు కూడా నిండని పిల్లలతో చేశారు. పిల్లల ముందు గిన్నెలో తినుబండారాలు పెట్టి, ఒక తోలుబొమ్మలాంటి బొమ్మకి ఇప్పించారు. తాము పుచ్చుకున్నప్పటికంటే ఇచ్చినప్పుడే పిల్లల మొహాల్లో సంతోషం ఎక్కువ కనిపించింది. ఎవరో చేతికందించినది ఇచ్చినప్పటికంటే తమ గిన్నెలోంచి తీసి ఇచ్చినప్పుడు ఇంకా ఎక్కువ. అంటే తాతగారి బిళ్ళ కంటే పాప బాటిలే పాపకి ఎక్కువ ఆనందం ఇచ్చి ఉంటుంది. కాబట్టి మామగారు బిళ్ళలు గుడి దగ్గర ఇవ్వకుండా శుక్రవారం సాయంత్రమే ఇంట్లో ఇస్తే బాగుంటుంది. ‘ఇవి మీవి. రేపు ఏం తీసుకెళ్దామో మీరే చెప్పండి’ అని అప్పగించేయమనండి.

రావులపాలెంలో ఉండి ఇంకేం తీసుకెళ్ళాలా అని వెతుక్కోనక్కర్లేదు. అంత పెద్ద అరటి మార్కెట్టు మీ పక్కనే ఉంది. పిల్లల్నే తీసుకెళ్ళి వాళ్ళ డబ్బుతో కొనిపించండి. ఒక డజను చక్కరకేళి, ఒక డజను కర్పూర. రెండు రకాలు ఎందుకంటే, గుడి బయట కూర్చున్న మామ్మ దగ్గరికి వెళ్ళి పాప ‘మామ్మా, చక్కరకేళి కావాలా, కర్పూరమా?’ అని అడగాలి. రోజంతా ఎవరు ఏది పడేస్తే అది తీసుకునే మనిషిని, ఏది కావాలో ఎంచుకోమని అడగడం చిన్న విషయం కాదు. పళ్ళు లేనివాళ్ళు కూడా అరటిపండు తినగలరు. ఆపిల్ పళ్ళు పంచేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. డెబ్బై ఏళ్ళ బోసినోటికి ఆపిల్!

కొందరు ‘వద్దు తల్లీ’ అంటారు. షుగరు ఉండొచ్చు, అప్పుడే తిని ఉండొచ్చు, ఆ పూట ఎవరితోనూ మాట్లాడాలని లేకపోవచ్చు. అప్పుడు పిల్లలు ‘సరేనండీ’ అని పక్కకి రావాలి. ఇది ముందే చెప్పి తీసుకెళ్ళండి, లేకపోతే పాప చిన్నబుచ్చుకుంటుంది. ఇంకొందరు వేరేది అడుగుతారు. సబ్బు అడుగుతారు, తువ్వాలు అడుగుతారు, దోమల చక్రం అడుగుతారు. మన కాలవగట్ల మీద దోమల సంగతి ఇంట్లో ఫ్యానుకింద పడుకున్న మనకే తెలుసు, ఆరుబయట పడుకునేవాళ్ళకి చెప్పాలా? వానాకాలంలో కప్పుకోవడానికి బరకం ముక్క, ధనుర్మాసం మంచులో దుప్పటి, రోహిణి కార్తెలో చెప్పులు. ఆడవాళ్ళకి నెలసరి ప్యాడ్లు. అవి మీరు ఇవ్వండి, అందరి ముందూ కాదు. శనివారం గుడి ముందు బిస్కెట్ పొట్లాలు గుట్టపడతాయి కానీ ఇవేవీ దొరకవు. అడిగినవాళ్ళకే ఈ సంగతి తెలుస్తుంది. ఎవరేం అడిగారో బాబు చేత ఒక చీటీ మీద రాయించి, వచ్చేవారం అందులో ఒకటో రెండో తీసుకెళ్ళండి. అన్నీ తేలేమని కూడా వాడికి తెలియాలి. ‘తెస్తాను’ అని మాటిచ్చింది మాత్రం మరిచిపోకూడదు.

మీ మొక్కులో ఒక సౌకర్యం ఉంది. ఏడు వారాలు ఒకే చోటికి వెళ్తున్నారు, కూర్చునేవాళ్ళలో చాలామంది వాళ్ళే. నలభైమందికి తలో రూపాయి వేసే బదులు ఒకరిద్దరితో పరిచయం పెంచుకోండి. పేరు అడగండి, మీ పిల్లల పేర్లు చెప్పండి. ఏ ఊరని అడగొచ్చు. ఇక్కడికెందుకొచ్చారు, పిల్లలు చూడరా అని ఆరా తీయొద్దు. చెప్పాలనుకుంటే వాళ్ళే చెబుతారు. ఆరో వారానికి మామ్మే పాపని పేరుపెట్టి పిలుస్తుంది. ఆ పిలుపుకి పాప ఎలా తిరిగి చూస్తుందో మీరే చూడండి.

బాబు అడిగిన రెండు ప్రశ్నలకీ సూటిగా జవాబు చెప్పాలి. ‘అలా అనకూడదు, తప్పు’ అని నోరు మూయిస్తే వాడు అడగడం మానేస్తాడు, అనుకోవడం మానడు. కంపు అన్నాడు. నిజమే, వాసన వస్తుంది. ‘స్నానానికి గది లేదు, మార్చుకోవడానికి రెండో జత లేదు, ఉన్నా ఆరేసుకునే చోటు లేదు. నిన్ను పది రోజులు స్నానం లేకుండా ఉంచితే నీ దగ్గరా వస్తుంది’ అని చెప్పండి. తర్వాత సబ్బు కొనడానికి వాడినే పంపండి.

రెండోది, పని చేసుకోవచ్చు కదా. ఎనిమిదేళ్ళ వయసులో ఇది రాయిలాంటి మనసు మాట కాదు, న్యాయం లెక్క. స్విట్జర్లాండ్‌లో మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల మీద చేసిన ఒక అధ్యయనం 2008లో వచ్చింది. మూడు నాలుగేళ్ళవాళ్ళు ఎక్కువగా తమకే ఉంచుకున్నారు. ఏడు ఎనిమిదేళ్ళకి వచ్చేసరికి చాలామంది సమానంగా రావాలని చూశారు. అయితే తమ బడి పిల్లలైతే ఒకలా, బయటివాళ్ళైతే ఒకలా చూడటం కూడా అందులో కనిపించింది. మీ బాబు సరిగ్గా అక్కడే ఉన్నాడు. నాన్న కష్టపడితే డబ్బొస్తుంది, ఆ మనిషికి ఊరికే రావడమేమిటి, ఇది అన్యాయం కదా అని వాడి లెక్క. పైగా ఆ మనిషి వాడి దృష్టిలో ‘మనవాళ్ళు’ కాదు. ఈ రెండో ముడి విప్పితే మొదటిది దానంతటదే వదులవుతుంది.

ఇల్లు లేకుండా పోవడం అంటే ఏమిటో గోదావరి పాయల మధ్య ఉండే లంక గ్రామాల పక్కన పెరిగే పిల్లలకి చెప్పడానికి కథలు అల్లక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి నీటిమట్టం 17.75 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారని మనలో చాలామందికి నోటికొచ్చు. 2022 జూలైలో ఆనకట్ట దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకల్లో వాళ్ళు పశువుల్ని తోలుకుని ఏటిగట్ల మీదికి, బడుల్లోకి వచ్చారు. ముందువారం దాకా సొంత ఇంట్లో వండుకు తిన్నవాళ్ళు పులిహోర పొట్లం కోసం చెయ్యి చాచారు. 1996 నవంబరు తుపాను రాత్రి గురించి మీ అత్తగారిని, మామగారిని అడగమనండి. కోనసీమలో ఆ వయసువాళ్ళు ఎవరైనా గంటసేపు చెబుతారు. ఎవరి పైకప్పు ఎగిరిపోయింది, ఎవరు ఎవరింట్లో తలదాచుకున్నారు, ఎవరు ఎవరికి అన్నం పెట్టారు. తమ కుటుంబం కూడా ఒకప్పుడు పుచ్చుకున్న వైపు ఉందని తెలిస్తే పిల్లాడి చూపు మారుతుంది. వరద వారంలో తీసేసింది, గట్టు మీదివాళ్ళు తిరిగి ఇంటికి వెళ్ళారు. గుడి ముందు కూర్చునేవాళ్ళలో కొందరికి మాత్రం వెళ్ళడానికి ఇల్లు మిగల్లేదు. ఇంట్లోవాళ్ళు వెళ్ళగొట్టడం, జబ్బు, అప్పు, మతిస్థిమితం పోవడం, ఇలా వాళ్ళ వరదలు వేరు. ఇంత చెబితే ఎనిమిదేళ్ళవాడికి అర్థమవుతుంది.

ఇంకో నిజం కూడా వాడికి తెలియాలి. ఇల్లు లేనివాళ్ళందరూ అడుక్కోరు, అడుక్కునేవాళ్ళందరూ ఇల్లు లేనివాళ్ళూ కారు. రాత్రి పది దాటాక స్టేషను బయట, బస్టాండులో, మూసిన కొట్ల అరుగుల మీద పడుకునేవాళ్ళలో పొద్దున్నే పనికి పోయేవాళ్ళు ఉంటారు. చిత్తు కాగితాలు ఏరేవాళ్ళు, హోటళ్ళలో గిన్నెలు తోమేవాళ్ళు, పెళ్ళిళ్ళ సీజన్లో వడ్డనలకి వచ్చేవాళ్ళు. పనిచేస్తున్నారు, అద్దె కట్టగలిగేంత రావడం లేదు. 2011 జనాభా లెక్కల్లో దేశంలో 17 లక్షల పైచిలుకు మందిని ఇల్లు లేనివాళ్ళుగా నమోదు చేశారు. ముసలివాళ్ళకి నెలకి 4,000 పింఛను ఉంది కదా అంటారు. ఆధార్ కార్డు, రేషను కార్డు లేకుండా అది రాదు. చిరునామా లేని మనిషికి అవెక్కడివి?

ఇప్పుడు మీవారి మాట. ఆయన్ని పాషాణహృదయుడిగా చూడకండి, ఆయన భయంలో సగం నిజం ఉంది. చంటిపిల్లల్ని చూపించి, బడి వయసు పిల్లల్ని పెట్టి అడిగించేవాళ్ళు ఉన్నారు. పిల్లల చేత అడుక్కునే పని చేయించడం 2015 నాటి బాలల న్యాయ చట్టం 76వ సెక్షన్ ప్రకారం నేరం. ఐదేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా ఉన్నాయి. కాబట్టి అడిగేది పిల్లలైతే డబ్బు ఇవ్వకండి. అక్కడే కూర్చుని తినేది ఇవ్వండి. ఆ పిల్లలు ఆపదలో ఉన్నారనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, మీ పిల్లలు వింటుండగానే చేయండి. ఎందుకు డబ్బివ్వలేదని బాబు అడుగుతాడు. ‘మనం ఇచ్చిన కొద్దీ ఆ అబ్బాయిని బడికి పంపరు’ అని చెప్పండి. తన వయసు పిల్లాడు కాబట్టి వాడికి ఇది గట్టిగా తగులుతుంది. తగలనివ్వండి.

మందు సంగతికొస్తే, తాగేవాళ్ళు ఉంటారు. మా బంధువుల్లోనూ ఉన్నారు, సొంత ఇళ్ళలో కూర్చునే తాగుతారు. డబ్బు ఇవ్వాలా వద్దా అనేది మీ ఆలుమగలు తేల్చుకోండి, నాకు పట్టింపు లేదు. ఐదేళ్ళ పిల్ల చేతి మీదుగా డబ్బు వెళ్ళకపోవడమే మేలని మాత్రం అంటాను. పండు, సబ్బు, దుప్పటి పట్టుకుంటే పిల్లకి తను ఏమిస్తోందో తెలుస్తుంది. బిళ్ళ పట్టుకుంటే తెలియదు.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి, ఇవి బేరాల్లేనివి. పిల్లల్ని ఒంటరిగా పంపొద్దు, చెయ్యి పట్టుకుని మీరూ వెళ్ళాలి. నిద్రపోతున్నవాళ్ళని తట్టి లేపొద్దు. తాగి ఉన్నవాళ్ళు, తమలో తాము గట్టిగా అరుచుకుంటున్నవాళ్ళు కనిపిస్తే ఆ పూటకి దాటిపోండి. వాళ్ళని వెక్కిరించొద్దని, రాయి విసరొద్దని బాబుకి గట్టిగా చెప్పండి. మందు బిళ్ళలు ఎవరికీ ఇవ్వకండి. ఒంట్లో బాగోలేనివాళ్ళుంటే 108, ఇంట్లోంచి గెంటేసిన ముసలివాళ్ళుంటే పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్ 14567. భయపడుతున్న పిల్లని ముందుకి తోయకండి. దూరం నుంచి దణ్ణం పెట్టినా ఆ రోజుకి చాలు.

ఇచ్చాక ఏం చేయాలి? ఏమీ చేయొద్దు. ‘మామ్మకి నచ్చింది కదా, చూశావా’ అనే ఒక మాట చాలు. చాక్లెట్ కొనిపెట్టకండి. జర్మనీలో 20 నెలల పిల్లలతో చేసిన ఒక పరిశోధన కూడా 2008లోనే వచ్చింది. సాయం చేసినందుకు బహుమతి ఇచ్చిన పిల్లలు తర్వాత సాయం చేయడం తగ్గించేశారు. మాటతో మెచ్చుకున్నవాళ్ళలో, అసలేమీ అనని వాళ్ళలో అలా తగ్గలేదు. అత్తగారు పుణ్యం వస్తుందంటే అననివ్వండి, పెద్దావిడ నమ్మకం. మీరు మాత్రం ఆ లెక్క పెంచకండి. ఇస్తే పుణ్యం, తీసుకుంటే పాపం అని చెప్పి పెట్టబట్టే పాప ఇప్పుడు బాటిల్ దగ్గర ఇరుక్కుపోయింది.

చెప్పకుండా ఉండలేని మాట ఇంకొకటి. ఫ్రిజ్‌లో మూడు రోజులు మగ్గిన కూర పనమ్మాయికి ఇచ్చి, చిరిగిన చొక్కా వాచ్‌మన్‌కి ఇచ్చి, శనివారం గుడి దగ్గర దానధర్మాలు చేస్తే పిల్లలు దేన్ని నేర్చుకుంటారు? మీ ఇంట్లో ఇలా జరుగుతోందని కాదు. చాలా ఇళ్ళలో జరుగుతుంది. మనం తినలేనిది, కట్టలేనిది ఇచ్చేటప్పుడు పిల్లలు పక్కనే ఉంటారు.

ఆడపడుచు గారి యాభై పొట్లాల దగ్గరికి వద్దాం. మీ ఇంటికి దగ్గర్లోనే, లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు ఉండేవారు. 1841లో మండపేటలో పుట్టి, 1909లో పోయారు. గోదావరి దాటి వచ్చే బాటసారులు ఏ వేళ తలుపు తట్టినా వండి పెట్టేవారు. ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయల్దేరారట. దారిలో కొందరు ‘సీతమ్మగారింటికి చేరితే అన్నం దొరుకుతుంది’ అని ఆకలితో ఉన్న పిల్లలకి చెప్పుకుంటూ వెళ్తుంటే విని, దర్శనం మానుకుని వెనక్కి తిరిగి ఇంటికొచ్చేశారని మన ప్రాంతంలో చెప్పుకుంటారు. ఇప్పుడు ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టారు, పిల్లలు ఆ పేరు వినే ఉంటారు. ఈ కథ పాపకి పుట్టినరోజు ముందు రాత్రి చెప్పండి. ఆడపడుచు గారికీ వినిపించేలా చెప్పండి. అన్నం తింటున్నవాళ్ళ మొహం ఫొటో తీసి గ్రూపులో పెట్టడం ఆ కథలో ఎక్కడ ఇముడుతుందో ఆవిడే ఆలోచించుకుంటారు. సూటిగా చెప్పాల్సి వస్తే ఇలా అడగండి. ‘మన పాప ఆకలితో చెయ్యి చాచినప్పుడు ఎవరో ఫొటో తీసి పెడితే ఒప్పుకుంటామా వదినా?’ పొట్లాలు కడుతున్న పాప ఫొటో కావాలంటే ఇంట్లో తీసుకోమనండి, అభ్యంతరం లేదు.

యాభై వద్దు, పది కట్టండి. యాభై అయితే కేటరింగువాళ్ళు చేస్తారు, పాప కారులో కూర్చుంటుంది. పది అయితే ఇంట్లో చేయొచ్చు. చింతపండు పులుసు మీరు కాచండి, అన్నం ఆరబెట్టి కలిపేటప్పుడు పాప చెయ్యి పడాలి, అరటాకు ముక్కలు బాబు తుడవాలి, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే. పెరుగన్నం మన ఉక్కపోతకి త్వరగా పులుస్తుంది, పులిహోరే మేలు. పొట్లంతో పాటు నీళ్ళ సీసా తప్పనిసరి.

ఆ రోజు శనివారం పడితే వాడపల్లి తీసుకెళ్ళొద్దు, అక్కడ ఆ రోజు పంచేవాళ్ళే ఎక్కువ, అన్నదానం కూడా ఉంటుంది. మామూలు రోజు చూసుకుని రాజమండ్రి స్టేషను వైపో, ఘాటు వైపో వెళ్ళండి. పొద్దుగుంకేలోపు వెళ్తే పిల్లలకి భయం ఉండదు, తీసుకున్నవాళ్ళకి రాత్రి భోజనం అవుతుంది. ఒకే చోట కారు ఆపి హారన్ కొట్టి పంచితే తోపులాటవుతుంది. నడుస్తూ, ఒక్కొక్కరి దగ్గర ఆగి, ‘పులిహోర తింటారా అండీ?’ అని అడిగి ఇవ్వండి. యాభై పొట్లాలకి అనుకున్న డబ్బులో మిగిలింది ఉంటుంది కదా, దాన్ని అన్న క్యాంటీన్‌కి విరాళంగా ఇవ్వొచ్చు. అక్కడ పూటకి 5 రూపాయలకి భోజనం పెడుతున్నారు, ఫొటో లేకుండానే తీసుకుంటారు. పదో పొట్లం దగ్గర ఎవరూ దొరకకపోతే వెతుక్కుంటూ తిరగొద్దు. అక్కడే గట్టు మీద కూర్చుని మీ నలుగురూ తినేయండి.